ఏ దారిన వచ్చారో అడగండి

అమెరికాలో ఏ దేశం నుంచి వెళ్లినవాళ్లు ఎంత సంపాదిస్తున్నారో చూపించే పట్టిక ఒకటి మన వాట్సాప్‌ గ్రూపుల్లో తరచూ తిరుగుతూ ఉంటుంది. అందులో భారతీయుల పేరు పై వరసలో ఉంటుంది. 2019 లెక్కల ప్రకారం అక్కడి భారతీయ కుటుంబాల మధ్యస్థ వార్షికాదాయం దాదాపు 1,19,000 డాలర్లు. దేశం మొత్తానికి చూస్తే అది 62 వేల లోపే. చూసి సంతోషించడంలో తప్పు లేదు. ఆ పట్టిక కింద పడే మాటలతోనే నాకు పేచీ. కష్టపడే జాతే పైకొస్తుందని ఒకరంటారు. చదువు విలువ తెలియనివాళ్లు అడుగునే ఉంటారని ఇంకొకరంటారు. ఆదాయం చూసి ఒక జనం గుణగణాలను తేల్చేయడం అన్యాయం, పైగా తప్పు. ఎందుకు తప్పో చెప్పడానికి ఆ పట్టికలో మన చూపు ఆగని రెండు పేర్లు తీసుకుంటున్నాను. ఒకటి హ్మోంగ్‌, రెండోది చిలీ.

హ్మోంగ్‌లు లావోస్‌ కొండల్లో పోడు వ్యవసాయం చేసుకుని బతికిన జనం. 1961 నుంచి అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ కమ్యూనిస్టుల మీద పోరుకు ఈ హ్మోంగ్‌ల చేతికి తుపాకులిచ్చి, జనరల్‌ వాంగ్‌ పావ్‌ నాయకత్వంలో ఒక రహస్య సైన్యాన్ని నడిపింది. 1964–73 మధ్య అమెరికా విమానాలు లావోస్‌ మీద 20 లక్షల టన్నులకు పైగా బాంబులు కురిపించాయి. 1975 మే నెలలో లాంగ్‌ చెంగ్‌ స్థావరం నుంచి సైనికాధికారులనూ వాళ్ల కుటుంబాలనూ కొన్ని విమానాల్లో ఎక్కించుకుని అమెరికా వెళ్లిపోయింది. మిగిలినవాళ్లు అడవుల్లో నడిచి, వెదురు తెప్పల మీద కొందరు, ఈదుకుంటూ కొందరు మెకాంగ్‌ నది దాటి థాయ్‌లాండ్‌ శిబిరాలకు చేరారు. బాన్‌ వినాయ్‌ లాంటి శిబిరాల్లో చాలామంది ఏళ్ల తరబడి ఎదురుచూశాక అమెరికాకు పిలుపు వచ్చింది. వాళ్ల భాషకు నేడు ఎక్కువగా వాడుతున్న రోమన్‌ లిపి తయారైందే 1950ల్లో. అందుకే అమెరికాలో సెయింట్‌ పాల్‌లోనో, ఫ్రెస్నోలోనో దిగిన పెద్దవాళ్లలో చాలామందికి ఏ భాషలోనూ అక్షరం ముక్క రాదు.

చిలీ కథలోనూ విషాదం ఉంది. 1973 సెప్టెంబర్‌ 11న సైన్యం అధ్యక్షుడు అయెందే ప్రభుత్వాన్ని కూల్చింది. సైన్యాధిపతి పినోచెట్‌ పాలనలో దాదాపు రెండు లక్షల మంది దేశం విడిచారని అంచనా. అయితే వాళ్లలో ఎక్కువమంది స్వీడన్‌, మెక్సికో, ఫ్రాన్స్‌, కెనడా, వెనిజులా లాంటి దేశాలకు వెళ్లారు. సైనిక ప్రభుత్వానికి అండగా నిలిచిన అమెరికా 1975లో ఆశ్రయం ఇవ్వడానికి ఒప్పుకున్నది కొన్ని వందల కుటుంబాలకే. పై చదువు కోసం, ఉద్యోగం కోసం, 1982 నాటి ఆర్థిక సంక్షోభం నుంచి బయటపడటం కోసం అమెరికా దారి పట్టినవాళ్లు వేరు. చదువు కోసం వెళ్లే దారి ముందే పడింది: శాంటియాగోలోని కేథలిక్‌ విశ్వవిద్యాలయానికి షికాగో విశ్వవిద్యాలయంతో 1956లోనే ఒప్పందం అయింది. 1965 నుంచి చిలీ విశ్వవిద్యాలయానికి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంతో సంబంధం కుదిరింది. వచ్చినవాళ్లలో చాలామంది దగ్గర బడి చదువో, కాలేజీ చదువో, చేతిలో ఒక వృత్తో ఉంది.

ఇప్పుడు లెక్కలు చూడండి. 2010 జనగణనలో హ్మోంగ్‌లు 2 లక్షల 60 వేలు, చిలీ మూలాలున్నవాళ్లు 1 లక్షా 27 వేలు. 1990లో హ్మోంగ్‌లలో నూటికి 64 మంది పేదరికంలో ఉన్నారు. మూడింట రెండొంతుల ఇళ్లు ప్రభుత్వ సాయం మీదే నడిచాయి. 2000లో కూడా పాతికేళ్లు దాటిన హ్మోంగ్‌లలో నూటికి 45 మంది బడి మొహం చూడనివాళ్లే. చిలీయుల సంగతి వేరు. స్పానిష్‌ మాట్లాడే వలస సమూహాల్లో చదువులో ముందున్నవాళ్లలో వాళ్లూ ఒకరు. పేదరికం హిస్పానిక్‌ సగటు కన్నా తక్కువ. ఈ రెండు వరసలనూ పక్కపక్కన పెట్టి చిలీయులు తెలివైనవాళ్లు, హ్మోంగ్‌లు వెనకబడ్డవాళ్లు అని రాసేవాళ్లు ఆ అంకెల లోపలికి వెళ్లరు.

లోపలికి వెళ్తే ఏముంటుందో ఒక్క అంకెతో చూపిస్తాను. 2000లో హ్మోంగ్‌ల తలసరి ఆదాయం 6,600 డాలర్లు, దేశంలో అది 21 వేలకు పైన. మూడో వంతు కూడా లేదు. అదే ఏడాది హ్మోంగ్‌ల మధ్యస్థ వయసు 16. అంటే ఆ సమాజంలో సగం మంది బడి వయసు పిల్లలో, అంతకన్నా చిన్నవాళ్లో. సంపాదన లేని ఆ పిల్లల మీదా తలసరి ఆదాయాన్ని పంచేస్తే అంకె పడిపోక ఏమవుతుంది? కుటుంబాదాయం తీసుకున్నా చిక్కే. 2019 నాటికి హ్మోంగ్‌ ఇళ్ల మధ్యస్థ ఆదాయం 60 వేల డాలర్లు దాటింది, దేశం స్థాయిని అందుకుంది. కానీ ఆ ఇళ్లు పెద్దవి. అమ్మానాన్నలు, నలుగురైదుగురు పిల్లలు, కొన్నిచోట్ల తాతయ్యా నాయనమ్మా, ఇద్దరు ముగ్గురి జీతాలు కలిసి ఒక్క ఇంటి ఆదాయమవుతుంది. ఒక లెక్క వాళ్లను ఉన్నదానికన్నా పేదలుగా చూపిస్తే, ఇంకో లెక్క ఉన్నదానికన్నా కలిగినవాళ్లుగా చూపిస్తుంది. రెంటిలోనూ మనుషుల శ్రమ కనిపించదు.

జాతి గుణమే ఆదాయాన్ని నిర్ణయిస్తుందనుకుంటే, ఒకే జాతి ఎక్కడికి వెళ్లినా ఒకే ఫలితం రావాలి కదా. రాలేదు. 1977లో ఫ్రాన్స్‌ కొన్ని వందల మంది హ్మోంగ్‌లను దక్షిణ అమెరికాలోని తన భూభాగం ఫ్రెంచ్‌ గయానాకు పంపింది. కకావో అనే ఊరి దగ్గర అడవి చూపించి భూమి ఇచ్చింది. 1979లో జావూహే దగ్గర ఇంకో ఊరు వెలిసింది. మొదట్లో స్థానికులు వ్యతిరేకించారు. హ్మోంగ్‌లు మాత్రం తమకు తెలిసిన పనే చేశారు. అడవి కొట్టారు, దున్నారు, నాటారు. జనాభాలో నూటికి ఇద్దరు కూడా లేని వాళ్లే నేడు ఆ ప్రాంతం తినే కూరగాయల్లో, పండ్లలో పెద్ద భాగం పండిస్తున్నారు. ఆదివారం కకావో సంతకు రాజధాని కయెన్‌ నుంచి జనం బారులు తీరుతారు. అదే కొండల నుంచి, అదే నది దాటి, అవే శిబిరాల్లో ఉండి వచ్చిన మనుషులు వాళ్లు. ఒకచోట చేతికి భూమి వచ్చింది. ఇంకోచోట మిన్నెసోటా మంచులో అద్దె ఇల్లు, అర్థంకాని భాషలో దరఖాస్తు ఫారం వచ్చాయి.

చిలీయుల విషయంలోనూ ఇంతే. 1990 నాటికి స్వీడన్‌లో పాతిక వేలకు పైగా చిలీయులున్నారు. స్వీడన్‌ వాళ్లను ఆదరించింది, అందులో సందేహం లేదు. కానీ చిలీలో టీచర్లుగా, యూనియన్‌ నాయకులుగా, గుమాస్తాలుగా బతికినవాళ్లలో ఎంతోమంది స్వీడన్‌లో ఆస్పత్రుల్లో, ఆఫీసుల్లో నేల తుడిచారు. తెచ్చుకున్న చదువుకు కొత్త దేశంలో విలువ కట్టేవాళ్లు దొరకలేదు. అమెరికాలోనే వయోమింగ్‌ లాంటి పడమటి రాష్ట్రాల గడ్డిమైదానాలకు పోతే ఇంకో చిలీ కనిపిస్తుంది. అక్కడ గొర్రెల మందలు కాయడానికి హెచ్‌-2ఎ వీసా మీద పెరూ నుంచి ఎక్కువమందినీ, చిలీ నుంచి కొందరినీ తెచ్చుకుంటారు. 2015లో నిబంధనలు మారే దాకా చాలా రాష్ట్రాల్లో వాళ్ల జీతం నెలకు 750 డాలర్లు. నివాసం మంద వెంట లాక్కుపోయే చక్రాల బండి. అందులో ఒక మంచం, ఒక పొయ్యి. కుళాయి ఉండదు, కరెంటు ఉండదు. రాత్రి నక్కలూ తోడేళ్లూ రాకుండా చూసుకోవాలి కాబట్టి పని గంటలంటూ లేవు. ఆ కాపరీ చిలీయుడే, బోస్టన్‌లో పాఠం చెప్పే ప్రొఫెసరూ చిలీయుడే. వాళ్లిద్దరి మధ్య తేడా వీసా కాగితం మీద అక్షరాల్లో ఉంది.

అలాగని మనిషి ప్రయత్నానికి విలువ లేదని నేను అనను. హ్మోంగ్‌ల లెక్కలే దానికి రుజువు. 1990లో 64 శాతంగా ఉన్న పేదరికం 2000 నాటికి 38కి, 2019 నాటికి 17 దరిదాపులకు దిగింది. అప్పటికీ దేశం సగటు కన్నా ఎక్కువే. కానీ ఒక్క తరంలో ఎంత దూరం నడిచారో చూడండి. శిబిరంలో ఉండగానే ఆడవాళ్లు తరతరాల కుట్టుపనిని బతుకుతెరువుగా మార్చుకున్నారు. గుడ్డ మీద దారాలతో తమ కథనే కుట్టారు. పైన కొండ మీద ఊరు, మొక్కజొన్న చేను. మధ్యలో విమానాలు, కాలుతున్న ఇళ్లు. కింద నీలిదారంతో నది, నదిలో తెప్పలు, అవతలి ఒడ్డున శిబిరం. ఆ గుడ్డలను అమెరికాలోని బంధువులు సంతల్లో, చర్చిల్లో అమ్మి డబ్బు పంపేవాళ్లు. పని లేని, పొలం లేని శిబిరంలో నాలుగు డబ్బులు కళ్లజూసిన దారి అదే.

అమెరికా ప్రభుత్వం మొదట్లో వాళ్లను ఊరికి కొన్ని కుటుంబాల చొప్పున చెదరగొట్టింది. ఒక్కచోట గుమిగూడితే భారమవుతారని భయం. వాళ్లు దాన్ని ఒప్పుకోలేదు. బంధువులున్న చోటు వెతుక్కుంటూ కాలిఫోర్నియా ఫ్రెస్నోకూ, మిన్నెసోటా జంట నగరాలకూ, విస్కాన్సిన్‌ వాసౌకూ మళ్లీ వలస పోయారు. ఆ పని అధికారులకు మొండితనంగా కనిపించింది. నాకు మాత్రం అందులో గట్టి ఆర్థిక తెలివి కనిపిస్తుంది. బ్యాంకు అప్పివ్వని చోట వంశం వాళ్లు చేబదులిస్తారు. అక్షరం రాని తల్లికి పక్కింటి కుర్రాడు ఉత్తరం చదివి పెడతాడు. సెయింట్‌ పాల్‌లో ఒకప్పటి కలప డిపోలో 2004లో మొదలైన హ్మోంగ్‌టౌన్‌ మార్కెట్‌లో ఇవాళ వందకు పైగా చిన్న కొట్లు నడుస్తున్నాయి. బొప్పాయి కాయ దంచి చేసే కారపు సలాడ్‌, ఆకుకూరలు, మందుమూలికలు, బట్టలు, అన్నీ అక్కడే. ఫ్రెస్నో చుట్టుపక్కల ఎకరాల లెక్కన కౌలుకు తీసుకుని హ్మోంగ్‌ రైతులు కాకర, బీర, సొర, అలసంద, నిమ్మగడ్డి పండిస్తారు. కాలిఫోర్నియాలో మనవాళ్లు వండుకునే కాకరకాయల్లో ఆ పొలాల నుంచి వచ్చినవీ ఉంటాయి. 2002లో మీ మౌవా మిన్నెసోటా సెనేట్‌కు గెలిచింది. అమెరికాలో ఒక రాష్ట్ర చట్టసభకు ఎన్నికైన మొదటి హ్మోంగ్‌ వ్యక్తి ఆమె. చిన్నతనంలో థాయ్‌ శిబిరం చూసిన మనిషి.

ఇక మన సంగతి. ఈ పోలికలో మనం బయటి ప్రేక్షకులం కాదు. హెచ్‌-1బి కోసం ఏటా లాటరీలో పేరు వేసుకునే తెలుగు ఇళ్లు ఎన్నో లెక్కలేదు. ఆ మామూలు కోటా 65 వేలలోంచి 6,800 వీసాలు చిలీ, సింగపూర్‌ పౌరులకు పక్కన పెడతారని ఎంతమందికి తెలుసు? 2004 జనవరి 1న అమలులోకి వచ్చిన స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం కింద చిలీకి 1,400 వీసాలు, లాటరీ లేకుండా. వాళ్లకు అవి మిగిలిపోతున్నాయి కూడా. 2014 నుంచి చిలీ వాళ్లు పర్యటనకు వీసా లేకుండానే అమెరికా వెళ్లొచ్చు. చిలీ ఇంజనీరు మన ఇంజనీరు కన్నా ప్రతిభావంతుడు కాబట్టి ఇది జరిగిందని మనం ఒప్పుకుంటామా? ఒప్పుకోం. రెండు ప్రభుత్వాలు రాసుకున్న కాగితం వల్ల జరిగిందంటాం. మనకు వర్తించే ఆ న్యాయమే హ్మోంగ్‌లకూ వర్తించాలి. మన పిల్లలు ఇక్కడ ఎంసెట్‌ దాటి, ఇంజనీరింగ్‌ దాటి, వీసా అధికారి కిటికీ దాటి వడపోతకు నిలిచాక విమానమెక్కారు. మెకాంగ్‌ నది దాటినవాళ్లను ఎవరూ డిగ్రీ అడిగి వడపోయలేదు. ప్రాణంతో ఒడ్డుకు చేరడమే వాళ్ల అర్హత.

ఇలా ఒక్క సగటు చూసి తీర్పు చెప్పడం వల్ల నిజంగా నష్టపోతున్నవాళ్లున్నారు. అమెరికా లెక్కల్లో మనమూ హ్మోంగ్‌లూ ‘ఆసియన్‌’ అనే ఒకే గడిలో ఉంటాం. 2019లో ఆ గడి మధ్యస్థ కుటుంబాదాయం 85,800 డాలర్లు. అందులో మన సంపాదన వాటా పెద్దది. ఆ అంకె చూసి ఆసియన్‌ పిల్లలకు సాయం అక్కర్లేదని ఒక కాలేజీయో, ఒక జిల్లా పాఠశాల బోర్డో అనుకుంటే, మొదటిసారి కాలేజీ గడప తొక్కే హ్మోంగ్‌ పిల్ల పేరు జాబితాకే ఎక్కదు. చిలీ ప్రొఫెసర్‌ కూతురూ, వ్యవసాయ కూలీ కొడుకూ ‘హిస్పానిక్‌’ గడిలో ఒకటైపోయినట్టే ఇదీ.

దీనికి మందు తెలిసిందే. విడివిడిగా లెక్క తీయాలి. మిన్నెసోటా 2016లో బడి పిల్లల లెక్కలను జాతి మూలాల వారీగా విడదీసే చట్టం చేసింది. 2024 మార్చిలో అమెరికా ప్రభుత్వం కూడా జాతుల లెక్కల ప్రమాణాలు మార్చి, పెద్ద గడుల లోపలి సమూహాల వివరాలు సేకరించాలని ఆదేశించింది. ఇలాంటి మార్పులు అమలు కాకుండా కాగితం మీదే ఆగిపోవడం ఏ దేశంలోనైనా మామూలే. అక్కడి తెలుగు సంఘాలు ఏటా సభలు జరుపుతాయి, సెనేటర్లను వేదిక ఎక్కిస్తాయి. ఆ వేదిక మీద ఈ ఒక్క మాట కూడా అడగాలి: మా సగటును అడ్డం పెట్టి మరొకరి పేదరికాన్ని దాచకండి, ఎవరి లెక్క వాళ్లకు తీయండి అని. మనకు అందులో పోయేది ఏమీ లేదు. ఆ లెక్క వల్ల స్కాలర్‌షిప్‌ దక్కే పిల్లలకు మాత్రం వచ్చేది చాలా ఉంది.