‘సిద్ధమయ్యాకే’ అన్నందుకు మూడేళ్ల మూల్యం

ఇంటర్నెట్ కనెక్షన్లను గుప్తీకరించే సాఫ్ట్‌వేర్ ఓపెన్ ఎస్ఎస్ఎల్. దాని బృందం ఏటా ఏప్రిల్‌లో ఒకటి, అక్టోబరులో ఒకటి చొప్పున కొత్త వెర్షన్ తెస్తామని తేదీలు పెట్టుకున్నప్పటి నుంచీ ఒక సణుగుడు వినిపిస్తూనే ఉంది. భద్రతా సాఫ్ట్‌వేర్‌కు క్యాలెండర్ ఏమిటి, అన్నీ సిద్ధమయ్యాకే ఇవ్వాలి కదా అని. వినడానికి ఎంతో బాధ్యతగా ఉంటుంది. ఆ పద్ధతిని పాటించినప్పుడు ఏమైందో మాత్రం ఎవరూ ఎత్తరు. 1.1.1 వెర్షన్ వచ్చింది 2018 సెప్టెంబరు 11న. దాని తర్వాతి 3.0 వచ్చింది 2021 సెప్టెంబరు 7న. మధ్యలో మూడేళ్లు!

ఆ మూడేళ్లూ ఎవరూ ఖాళీగా కూర్చోలేదు. ఏడున్నర వేలకు పైగా కమిట్లు, 17 ఆల్ఫాలు, రెండు బీటాలు. లోపలి నిర్మాణం మారింది, లైసెన్సు మారింది, అమెరికా ప్రభుత్వ గుప్తీకరణ ప్రమాణమైన ఫిప్స్ కోసం కొత్త మాడ్యూల్ చేరింది. అన్నిటినీ ఒకే విడుదలకు ముడిపెట్టడంతో ఏ ఒక్కటి ఆలస్యమైనా మిగతావీ ఆగాయి. వెబ్ కనెక్షన్లను వేగవంతం చేసే క్విక్ ప్రోటోకాల్‌కు కావలసిన మార్పులను బయటివారు 2019లోనే రాసిచ్చారు. ముందు 3.0 కానివ్వండి అంది ఓపెన్ ఎస్ఎస్ఎల్ బృందం. 2021 మే నాటికి క్విక్ ప్రమాణంగా ఖరారైంది, 3.0 మాత్రం రాలేదు. అకమాయ్, మైక్రోసాఫ్ట్ ఇంజినీర్లు విసిగిపోయి క్విక్‌టీఎల్ఎస్ పేరుతో వేరు కుంపటి పెట్టుకున్నారు. ఆ తర్వాత ఓపెన్ ఎస్ఎస్ఎల్ సొంతంగా క్విక్ రాసుకోవాలనుకుంది. సర్వర్ వైపు అది అందేసరికి 2025 ఏప్రిల్ అయింది.

తేదీల పద్ధతి వచ్చాక సంగతి వేరు. క్వాంటం కంప్యూటర్లను తట్టుకునే మూడు ప్రమాణాలను అమెరికా సంస్థ నిస్ట్ 2024 ఆగస్టు 13న ఖరారు చేసింది. 2025 ఏప్రిల్ 8న విడుదలైన 3.5లో ఆ మూడూ ఉన్నాయి. ఎనిమిది నెలలైనా పట్టలేదు.

గడువు తరుముతుంటే పచ్చి కోడ్ బయటికి పోతుందన్న భయం పూర్తిగా అర్థం లేనిదేమీ కాదు. కానీ పూర్తికాని ఫీచర్ తర్వాతి విడుదలకు జరగడమే ఈ పద్ధతిలో నియమం. భద్రతా లోపం బయటపడితే ప్యాచ్ ఏప్రిల్ కోసమో అక్టోబరు కోసమో ఆగదు. ఈ రెండింటినీ కలగాపులగం చేసి జనాన్ని బెదరగొట్టడం అన్యాయం. పైగా 2022 నవంబరు 1న హడావుడిగా 3.0.7 విడుదల చేసి సరిదిద్దాల్సి వచ్చిన రెండు లోపాలూ 3.0తో వచ్చిన కొత్త కోడ్‌లోవే. 1.1.1లో అవి లేవు. మూడేళ్లు ఆగి, 17 ఆల్ఫాల తర్వాత విడుదల చేసిన కోడ్ అది!

ఆ మూల్యం చెల్లించింది సర్వర్లు నడిపేవాళ్లు. 1.1.1కు అయిదేళ్ల మద్దతు అన్నారు. అందులో మూడేళ్లు 3.0 కోసం ఎదురుచూడటంలోనే కరిగిపోయాయి. పాత ఏపీఐలను వదిలించుకుని, అంత పెద్ద మార్పును పరీక్షించుకుని, మారిపోవడానికి వాళ్లకు మిగిలింది రెండేళ్లు. 2023 సెప్టెంబరు 11తో ఆ గడువూ తీరిపోయింది. తేదీలు ఎత్తేయమనే పెద్దలు ఈ లెక్కను ఇంకెన్నాళ్లు దాటేస్తారు? ఆ మూడేళ్ల ఆలస్యం ఏ లోపాన్ని ఆపిందో పేరుపెట్టి చూపండి. చూపలేకపోతే ఏప్రిల్, అక్టోబరు జోలికి రాకండి.