దేశాంతర విశేషములు: ఒక్క తప్పుటడుగు

కాలు జారిన తీసికొనవచ్చును గాని నోరు జారిన తీసికొనరాదని మన పెద్దలు చెప్పుచుందురు. అమెరికా దేశమున ఒక ఆటస్థలములో ఒక పడుచువాని కాలు తప్పెను; ఊరందరి నోరు జారెను. ఆ కథను ఈ మాసము మనవి చేయుచున్నాము.

ఆ దేశమున బేసుబాలను ఆట గలదు. అది మన పిల్లలాడు క్రికెట్టునకు దూరపు చుట్టము. పక్షమునకు తొమ్మండుగురు. చదరపు నేలకు నాలుగు మూలల నాలుగు స్థానములుండును. బ్యాటుతో బంతిని కొట్టినవాడు మూడు స్థానములను వరుసగా తాకి, బయలుదేరిన చోటికి తిరిగి వచ్చినచో ఒక పరుగు. ముగ్గురు అవుటయిన ఆ పక్షపు వంతు ముగియును. అట్టి వంతులు చెరి తొమ్మిది.

ఇందు ఒక నియమమును మాత్రము గుర్తుంచుకొనవలెను. ఒకడు బంతిని కొట్టి మొదటి స్థానమునకు పరుగిడునపుడు, అచ్చట ముందే నిలిచియున్నవాడు దానిని విడిచి రెండవ స్థానమునకు పోయి తీరవలెను. వాడు చేరకమున్నే ఎదుటిపక్షమువాడు బంతిని చేతబట్టి ఆ స్థానమును తాకినచో వాడు అవుటు. అది మూడవ అవుటయినచో, అప్పుడు వచ్చిన పరుగు లెక్కకు రాదు.

1908వ సంవత్సరమున నేషనల్ లీగు అను పోటీలో న్యూయార్కు జెయింట్సు, చికాగో కబ్సు, పిట్సుబర్గు పైరేట్సు అను మూడు జట్లు ఒకదానినొకటి తరుముచుండెను. వీరందరును జీతములు పుచ్చుకొని ఆడువారు. జట్టునకు 154 ఆటలు. వసంతమున మొదలైన పందెము శరత్తుదాక సాగును. జెయింట్సు పక్షమున బంతి విసరు క్రిస్టీ మాథ్యూసన్ ఆ యొక్క యేటనే 37 ఆటలు గెలిచెను.

సెప్టెంబరు 23వ తేదీన న్యూయార్కులోని పోలో గ్రౌండ్సునందు జెయింట్సు, కబ్సు తలపడిరి. మొదటి స్థానమును కాయు ఫ్రెడ్ టెన్నీకి నడుమునొప్పి వచ్చుటచే, ఫ్రెడ్ మెర్కిల్ అను పందొమ్మిదేండ్లవానిని నిలిపిరి. కడపటి వంతులో ఇరుపక్షములకు చెరియొక పరుగు. జెయింట్సులో అప్పటికే ఇద్దరు అవుటు. మెకార్మిక్ మూడవ స్థానమునను, మెర్కిల్ మొదటి స్థానమునను ఉండిరి. అప్పుడు బ్రిడ్వెల్ బంతిని కొట్టెను. మెకార్మిక్ పరుగు ముగించెను. గెలిచితిమని జనము వెల్లువవలె ఆటస్థలముపై బడెను. మెర్కిల్ రెండవ స్థానమును తాకకయే విడిదివైపు మరలెను.

కబ్సులోని జానీ ఎవర్సు ఈ సంగతిని కనిపెట్టి, బంతి తెప్పించుకొని రెండవ స్థానమును తాకెను. అది ఆడిన బంతియేనా, వేరొక బంతియా యను తగవు నేటికిని తీరలేదు. అంపైరు హ్యాంక్ ఓడే మెర్కిల్ అవుటనియు, పరుగు చెల్లదనియు తీర్పు చెప్పెను. జనసమ్మర్దమునను, చీకటి పడుచుండుటచేతను ఆట సమమని ముగించిరి.

ఇచ్చట మన మొక్క విషయమును గమనింపవలెను. గెలుపు పరుగు వచ్చినపిమ్మట రెండవ స్థానమును తాకకయే పోవుట నాటి ఆటగాండ్రకు పరిపాటి. అదే నెల 4వ తేదీన పిట్సుబర్గులో వేరొకడును అట్లే చేసెను. ఎవర్సు మొఱపెట్టెను గాని, అంపైరుగా నుండిన ఆ ఓడేయే నాడు పరుగు చెల్లుననెను. పదిమంది చేయు పనికి శిక్ష ఒక్కనిపై బడెను.

పందెము ముగియునప్పటికి జెయింట్సునకును, కబ్సునకును సమముగా 98 గెలుపులు, 55 ఓటములు. అందుచే అక్టోబరు 8న ఆ యాటను మరల ఆడించిరి. కబ్సు 4-2 పరుగులతో గెలిచి, పిమ్మట డెట్రాయిటు జట్టునోడించి వరల్డ్ సిరీసును చేజిక్కించుకొనెను. వారికి మరల అట్టి విజయము 108 ఏండ్లకు, 2016లో గాని లభింపలేదు.

జెయింట్సువారు ఆ యేట ఆ నాటికి ముందును వెనుకను ఓడిన ఆటలు 50కి పైబడియున్నవి. వానినెవ్వరును తలపరైరి. పత్రికలును, జనమును మెర్కిల్‌కు 'బోన్‌హెడ్', అనగా మనము మట్టిబుర్ర యనునట్టి పేరు పెట్టిరి. జట్టు నాయకుడు జాన్ మెక్‌గ్రా ముక్కోపి యని ప్రసిద్ధుడు. అయినను ఆయన ఆ పడుచువానిపై నేరము మోపలేదు, జట్టునుండి తొలగింపలేదు. ఆ నమ్మకము వృథా కాలేదు: 1911, 1912, 1913 సంవత్సరములలో వరుసగా జెయింట్సు లీగు గెలిచినపుడు మొదటి స్థానమున నిలిచినవాడు మెర్కిలే. కాలు చేసిన తప్పును అతడు ఆ విధముగా దిద్దుకొనెను. పేరు మాత్రము వదలలేదు. ఆట మానిన పిదప ఆ ప్రస్తావనకే వెఱచి, చిరకాలము ఆటస్థలమునకు దూరముగా బ్రతికెను. 1950లో జెయింట్సువారు పాత ఆటగాండ్ర ఉత్సవమునకు పిలువగా వెళ్లెను. జనము కరతాళధ్వనులతో ఆదరించిరి. అప్పటికి 42 ఏండ్లు గడచెను. 1956లో అతడు కన్నుమూసెను.

మన యిండ్లలోను ఇట్టి తీర్పులు జరుగుచునే యున్నవి. కాపురమునకు వచ్చిన క్రొత్తలో ఒకనాడు పాలు పొంగబెట్టిన కోడలికి "పరాకుమనిషి" యని పేరు. ఒక పరీక్ష తప్పిన పిల్లవానికి "మొద్దు" అని పేరు. పొంగిన పాలను మరునాడే మరతుము గాని, పేరును మనుమల కాలముదాక పిలుతుము. తప్పును తప్పని చెప్పుట పెద్దల విధియే. ఆ తప్పును పేరుగా చేసి పిలుచుట మాత్రము తగదు. ముక్కోపియైన మెక్‌గ్రాకు చేతనైన పాటి యోర్పు మనకు చేతకాదా?