మామగారి సానరాయి

క్రిందటి మాసమున సామానుగది సర్దుచుండగా మా మామగారి క్షౌరపు పెట్టె బయటపడినది. అందు కొమ్ముపిడి కత్తి, పగిలిపోయిన తోలుపట్టె, పాతపంచె పేలికలో చుట్టిన సానరాయి యుండెను. వారు స్వర్గస్థులై మూడేండ్లయినది. నలువదియేండ్లు పల్లెల బడులలో పనిచేయుచు, ఎవరికొరకును వేచియుండక తెల్లవారుజామున తమ గడ్డము తామే గీసికొనెడివారు. రాయి వారి తండ్రిగారు మద్రాసులో కొన్నదట.

జానెడు పొడవు, మూడు వ్రేళ్ల వెడల్పు. పైపొర లేతపసుపు, క్రిందిపొర నీలి బూడిదవన్నె. ఈ రెండువన్నెల రాయి బెల్జియము దేశమున ఆర్డెన్ కొండలలో, వియెల్సామ్ ప్రాంతమున దొరకును, కోటిక్యూల్ అందురు. పసుపుపొర నిండ గోమేదిక జాతికి చెందిన కణములుండును. ఒక్కొక్కటి మిల్లీమీటరులో నూరవవంతునకు అటునిటు. ఉక్కును అరగదీయునవి యవియే. నవరత్నములలోని గోమేదికమునకు దాయాదులు మా యింట నూనెజిడ్డు క్రింద ఇన్నాళ్లు పడియున్నవి! ఎవరో దానిపై నూనె పోసి కూరకత్తులు నూరినట్లున్నది. దీనికి నీరే చాలును.

కుంకుడురసముతో మెత్తని కుంచెపెట్టి మూడుమార్లు కడిగితిమి. వేడినీట ఉడికింపరాదు, కొన్ని రాళ్లకు అడుగుపలకను జిగురుతో అంటింతురు, అది ఊడిపోవును. జిడ్డు వదలినపిమ్మట రాతినడుమ గుంట కనబడినది. గుంటరాతిపై కత్తి సమముగా ఆనదు గనుక చదును చేయవలెను. మావారు గాజుపలకపై ఉప్పుకాగితము పరచి, రాతిముఖమున పెన్సిలుతో అడ్డునిలువు గీతలు గీసి, నీరు చిలుకరించుచు రుద్దసాగిరి. గీతలన్నియు చెరగినచో చదునైనట్లు. (పొడిగా రుద్దరాదు, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చెరుపు.)

చివరల గీతలు రెండు చెరగినవో లేదో, మా అత్తగారు వచ్చి నిలిచిరి. "అమ్మాయీ, ఆ గుంట మీ మామగారి చేతి గుర్తు. అది చెరిపి కత్తి నూరుకుంటారా?" అనిరి. మావారి చేయి ఆగిపోయినది. ఆ మాట మాకేల తోపలేదో! మూడు దినములు రాయి కిటికీలోనే యుండెను. ఇంట నెవరును దాని ప్రసక్తి తేలేదు.

నాలుగవనాడు మేము దానిని త్రిప్పి చూచితిమి. రెండుపొరల నడుమ గీత తిన్నగా లేక వంకరగా నున్నది, జిగురు జాడ లేదు; భూగర్భముననే కలిసి పుట్టినవన్నమాట. అట్టిదైనచో నీలిపొరయందును ఆ కణములుండును, కాని పని మెల్లగా సాగును. అత్తగారి నడిగితిమి. "అటువైపు మీ యిష్టం" అనిరి.

నీలివైపు చదునగుటకు ఒక పూట పట్టినది. కత్తివాదరను తుప్పు తినలేదు, తినియున్నచో శ్రమ వ్యర్థమే. పెట్టెలోని చిన్నరాతిముక్కతో, గంధము తీసినట్లు, రాతిపై పలుచని మడ్డి తీసితిమి. కత్తిని పరుండబెట్టి, వెన్నును వాదరయు రెండును రాతికి ఆనునట్లు, వాదర ముందుగా నడపి, చివర వెన్నుమీదుగా త్రిప్పవలెను. నొక్కరాదు. మడ్డికి బొట్టుబొట్టుగా నీరు చేర్చుచు, తుదకు వట్టినీటిపైననే నూరవలెను. మొదటినాడు గంటసేపు నూరినను ముంజేతి వెండ్రుక తెగలేదు. మావారు విసిగిరి, మేమే పట్టు విడువలేదు. మూడవనాడు తాకినంతనే తెగినది. పిమ్మట క్రొత్తగా కుట్టించిన తోలుపట్టెపై నలువదిమార్లు లాగితిమి. ఇక్కడ వెన్ను ముందు, లేనిచో తోలు తెగును.

ఆదివారమునాడు మావారు అద్దముముందు కూర్చుండిరి. చెంపలు బాగుగనే సాగినవి. ఎడమదవడ క్రింద కొంచెము తెగినది. అత్తగారు లోపలినుండి పటికముక్క తెచ్చి, "మీ నాన్నగారికీ అక్కడే తెగేది నాయనా" అని చేతికిచ్చిరి.