తుపాకీ ఒక్కటేనా ఆట?

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మర పడవలకు వేట నిషేధం. ఆ 61 రోజులూ మన నెల్లూరు తీరాన మైపాడు మొదలుకొని జువ్వలదిన్నె దాకా పడవలు ఒడ్డెక్కి ఉంటాయి. వలలు బాగుచేసుకునే పెద్దలకు కాస్త ఎడంగా, పడవ నీడన, నలుగురు కుర్రాళ్లు ఫోన్లు అడ్డంగా పట్టుకుని చేరతారు. "రేయ్, యాడుండావు? జోన్ మూసకపోతా ఉంది, బండెక్కు!" అని ఒకడి కేక. "ముందు నన్ను లేపరా సామీ" అని దెబ్బతిని పడినవాడి మొర. రాత్రిళ్లు రొయ్యల గుంటల దగ్గర, ఏరేటర్ల హోరులో కాపలా కుర్రాడికి తోడుగా ఉండేదీ ఈ ఆటే.

పెద్దలు కసురుకుంటారు. ప్రభుత్వమూ కసురుకుంది. 2020 సెప్టెంబరులో పబ్జీ అనే ఈ తుపాకీ ఆటను నిషేధించారు. మరుసటి ఏడాది జూలైలో అదే ఆట బీజీఎంఐ పేరుతో వచ్చింది. 2022లో మాయమై, 2023 మేలో మళ్లీ ప్రత్యక్షమైంది. పేరు మారింది గానీ పిల్లలు తుపాకీ దించలేదు. నిజానికి ఆ మోజు తప్పని అనలేం. గురి చూడటం, నక్కడం, తోటివాణ్ని కాపాడుకోవడం దొంగా పోలీసు ఆడినప్పటి నుంచీ ఉన్న సరదాలే.

చింత వేరే. టీవీకి తగిలించుకునే క్యాసెట్ వీడియోగేములతో పెరిగిన తరం ఇప్పుడు నడివయసుకొచ్చింది. క్యాసెట్ అట్ట మీద 99999 ఆటలని రాసి ఉండేది. తిప్పితిప్పి చూస్తే అవే పది పదిహేను! అయినా ఆ మోసపు క్యాసెట్‌లోనే కాల్చుకుంటూ పోయే కాంట్రా ఉండేది, పక్కనే పుట్టగొడుగులు తినే మారియో, కార్ల పందెం, బాతుల వేట ఉండేవి. పేదింటి పిల్లాడికీ రకరకాల రుచులు దక్కేవి.

ఇప్పుడు ఆ వైవిధ్యం కన్సోల్ పెట్టెల్లోకి చేరింది. పెట్టె అమ్ముడుపోవాలంటే ఇంకెక్కడా దొరకని ఆట అందులో ఉండాలి. అందుకే కంపెనీలు ఎక్స్‌క్లూజివ్‌ల కోసం కొత్త దారులూ తొక్కుతాయి. మైక్రోసాఫ్ట్ 2001లో ఎక్స్‌బాక్స్‌ను హేలో అనే తుపాకీ ఆటతోనే నిలబెట్టుకుంది, నిజమే. కానీ 2012లో సోనీ ప్లేస్టేషన్ మీద వచ్చిన జర్నీలో ఆయుధం లేదు, మాట లేదు. ఇసుక ఎడారిలో కొండ వైపు నడకే ఆట. 2024లో ఆ ఏటి మేటి ఆటగా గేమ్ అవార్డు గెలుచుకున్న ఆస్ట్రో బాట్‌లో హీరో ఓ బుల్లి రోబో. నింటెండో వాళ్ల యానిమల్ క్రాసింగ్‌లో చేపలు పట్టి అమ్ముకుంటూ ఇంటి అప్పు తీర్చుకోవాలి. మన రొయ్యల రైతుకు అది ఆటలా తోచకపోవచ్చు!

అయితే ప్లేస్టేషన్ 5 మన దేశానికి వచ్చిన 2021లోనే దాని ధర దాదాపు 50 వేల రూపాయలు. ఒక్కో ఆటకూ వేలు వేరే. ఫోన్లో ఆట ఉచితం. వేషాలూ తుపాకీ రంగులూ అమ్ముకుని బతికే ఆ ఆటకు జనం కావాలి. ఒక్క పందేనికే వందమంది. కాబట్టి ఊరంతా ఏది ఆడితే అదే ఆడాలి. డబ్బున్న ఇంటికి పది రుచులు, లేని ఇంటికి ఒకటే. విచారించాల్సింది దీని గురించి.

పబ్జీని తయారుచేసిన కొరియాలోనే 2023లో డేవ్ ది డైవర్ వచ్చింది. పగలు సముద్రంలో మునిగి చేపలు పట్టడం, రాత్రి హోటల్లో వండి వడ్డించడం అందులో పని. వంజరం, చందువ పడే తీరం మనది. మామిడికాయ వేసిన చేపల పులుసుకు పేరున్న ఊరు మనది. ఆట మాత్రం కొరియా వాళ్లు చేశారు. మనకు చేతకాక కాదు. హైదరాబాద్ కుర్రాళ్లు 2017లోనే అసుర అనే ఆట తెచ్చారు. పుణేలో తయారైన రాజీ 2020లో మొదట నింటెండో స్విచ్ మీదే విడుదలైంది.

గేముల తయారీ నేర్చుకుంటున్న తెలుగు పిల్లలకు ఒక్క మనవి. మీ మొదటి ఆటకు మరో యుద్ధభూమి వెతక్కండి. ఆటుపోట్లు, తుపాను హెచ్చరికలు, తెల్లారుజామున చేపల వేలంపాట, బకింగ్‌హామ్ కాలువ, పులికాట్‌కు వచ్చే ఫ్లెమింగోలు అన్నీ ఇక్కడే ఉన్నాయి. చేసే ఆట ఖరీదైన పెట్టెలోనే కాక, పడవ నీడన కూర్చున్న కుర్రాడి చవక ఫోన్లోనూ ఆడేలా చేయండి.