పేరు రాసే కలం ఎవరి చేతిలో ఉంది?

మ్యాన్‌హోల్‌లోకి దిగిన మనిషి ఊపిరాడక చచ్చిపోతాడు. ఆ చావును ఏ కాగితంలో, ఏ గడిలో, ఏ పేరుతో రాస్తారు? మేము అడిగేది ఇంతే. ‘ప్రమాదవశాత్తూ జారిపడ్డాడు’ అని రాస్తే ఒక సంగతి. ‘మురుగు కాలువలోకి దించితే చనిపోయాడు’ అని రాస్తే ఇంకో సంగతి. ఆ ఇంటికి పరిహారం అందుతుందా, దించినవాడి మీద కేసు అవుతుందా అన్నది ఆ గడిని బట్టే ఉంటుంది.

2021 జూలైలో కేంద్ర ప్రభుత్వం రాజ్యసభలో ఒక మాట చెప్పింది: పాకీ పని వల్ల చావులేవీ నమోదు కాలేదట! మురుగు కాలువలు, సెప్టిక్ ట్యాంకులు కడుగుతూ చనిపోయినవాళ్ల లెక్కను మాత్రం అదే ప్రభుత్వం పార్లమెంటుకు వేరుగా చెప్తూనే ఉంది. ఇదేం మాయ? మాయేం లేదు. 2013 చట్టంలో రెండు నిర్వచనాలున్నాయి. మొదటిది ‘పాకీ పనివారు’: చేత్తో ఎత్తాల్సిన మరుగుదొడ్లలో, ఆ మలం కలిసే కాలువల్లో, గుంటల్లో, రైలు పట్టాల మీద పనిచేసేవాళ్లు. రెండోది ‘ప్రమాదకరమైన శుభ్రత’: రక్షణ సామాన్లివ్వకుండా, జాగ్రత్తలు తీసుకోకుండా మురుగు కాలువను, సెప్టిక్ ట్యాంకును మనిషితో కడిగించడం. చావు రెండో గడిలో పడితే మొదటి గడిలో సున్నా. కులం తెలిసిన 43,797 మంది పాకీ పనివారిలో 42,594 మంది షెడ్యూల్డు కులాలవాళ్లేనని చెప్పిందీ 2021లో ఈ ప్రభుత్వమే. మనుషులు కనపడుతున్నారు, వాళ్ల చావులే కనపడవు!

ఇప్పుడు ఈ గడులన్నీ కంప్యూటర్లలోకి పోతున్నాయి. కంప్యూటరుకు లోకం తెలీదు. ఏమేమున్నాయి, దేన్ని ఏమంటారు, ఏది దేనిలో రకం, దేనికి దేనితో సంబంధం అన్నది ఎవరో ఒకరు దానికి రాసిపెట్టాలి. ఆ రాతనే ఆంటాలజీ అంటున్నారు. పేరు చూసి జంకాల్సిన పనిలేదు. ‘సెప్టిక్ ట్యాంకు కడగడం కూలిపని, ప్రతి కూలిపనికీ చేయించినవాడొకడు ఉంటాడు’ అని రాసిపెట్టారనుకోండి. ఎక్కడ ట్యాంకు కడిగారని తెలిసినా, చేయించినవాడొకడు ఉన్నాడని యంత్రం తానే తేలుస్తుంది. రాసినవాడు ఆ రెండో ముక్క మింగేస్తే చేయించినవాడు మాయమైపోతాడు.

లోకాన్నంతా ఒక్కచేత్తో, ఒక్క పుస్తకంలో రాయడం కుదరదని ఈ పని చేసేవాళ్లకు తెలిసొచ్చింది. అందుకే భాగాలుగా రాస్తారు. ఏ భాగాన్ని ఆ సంగతి తెలిసినవాళ్లు చూసుకుంటారు, కావలసినవాళ్లు దాన్ని తెచ్చుకుని వాడుకుంటారు. 1998లో ఈగ మీద, ఎలుక మీద, ఈస్టు మీద పనిచేసే శాస్త్రజ్ఞులు కలిసి జీన్ ఆంటాలజీ మొదలుపెట్టారు. రసాయనాల సంగతి వచ్చినచోట అది వేరేవాళ్లు చూసుకునే రసాయనాల ఆంటాలజీని వాడుకుంటుంది. ఆసుపత్రుల్లో రోగాలకు, వైద్యానికి వాడే స్నోమెడ్ సీటీ కూడా ఇంతే. అందులో మూడున్నర లక్షలకు పైగా అంశాలున్నాయి. అన్ని దేశాలకూ ఉమ్మడి భాగం ఒకటి, ఏ దేశానికాదేశం కలుపుకునే భాగాలు వేరే. 2014లో మన దేశం దానిలో చేరింది. మన మందులకొక భాగం, ఆయుర్వేదం లాంటి వైద్యాలకొక భాగం కలుపుకుంది.

మంచిదే. మేము అడ్డం చెప్పడం లేదు. వాతం, పిత్తం, కఫం కోసం ఒక భాగం రాసుకోగలిగిన దేశం, మురుగులోకి దిగే మనిషి పని కోసం ఒక భాగం రాయలేదా?

రాసేటప్పుడు నాలుగు సంగతులు మరవొద్దంటున్నాం.

ఒకటి, రాసేచోట ఆ పని చేసేవాళ్లు కూర్చోవాలి. రాత్రిపూట ఎవరు పిలుస్తారో, మేస్త్రీ ఎవరో, హాజరు పుస్తకంలో పేరెందుకుండదో ఆఫీసులో కూర్చున్న ఇంజనీరుకేం తెలుసు?

రెండు, కులం వేరే భాగం, పని వేరే భాగం. ఏ మనిషి ఏ కులమో, ఏ పనిలో ఉన్నాడో విడివిడిగా రాయాలి. అప్పుడే ఎవరి మీద ఎంత భారం పడుతోందో లెక్క తేలుతుంది. అంతేగాని ‘రెల్లివాళ్లు అంటే పాకీ పనివాళ్లు’ అని రాస్తే మనువు రాసిందే యంత్రంలో మళ్లీ రాసినట్టు. రేపు ఆ పిల్లవాడు డాక్టరైనా యంత్రం వాణ్ని చీపురు దగ్గరే నిలబెడుతుంది.

మూడు, మాటను తెచ్చుకుంటే దాని షరతులతో సహా తెచ్చుకోవాలి. కేంద్రం ప్రకటించిన పరికరాలు, రక్షణ సామాన్లు వాడి శుభ్రం చేసేవాణ్ని పాకీ పనివాడుగా లెక్కించనక్కర్లేదని చట్టంలో వివరణ ఉంది. ఆ వివరణ వదిలేసి పేరొక్కటే తెస్తే, జాబితాలోంచి ఎవరు ఎందుకు జారిపోయారో ఎవడికీ అంతుపట్టదు.

నాలుగు, రాయలేదంటే లేదని కాదు. ఆంటాలజీలు రాయడానికి 2004లో వచ్చిన ‘ఔల్’ అనే పద్ధతిలో ఇది మొదటి పాఠం. ఒక సంగతి రాసి లేకపోతే ‘తెలీదు’ అనాలి, ‘జరగలేదు’ అనకూడదు. యంత్రానికి నేర్పిన ఈ పాటి నీతి సర్కారుకు ఎవరు నేర్పాలి?

పట్టిక రాసినంత మాత్రాన మనిషిని దించడం ఆగుతుందా? ఆగదు. చట్టం వచ్చినా ఆగలేదు. కానీ లెక్క ఉన్నచోటే కొట్లాటకు పట్టు దొరుకుతుంది. సఫాయి కర్మచారి ఆందోళన్ ఏళ్ల తరబడి కోర్టులో కొట్లాడింది. 1993 నుంచి మురుగు పనిలో చనిపోయిన ప్రతి ఒక్కరి కుటుంబానికీ 10 లక్షలివ్వాలని 2014 మార్చి 27న సుప్రీంకోర్టు చెప్పింది. 2023 అక్టోబరు 20న ఆ పరిహారాన్ని 30 లక్షలు చేసింది. ఆ డబ్బు ఎవరికి రావాలన్నా ముందు చనిపోయినవాళ్ల పేర్లు కావాలి కదా.

కార్యకర్తలకు మా మాట ఇది. కంప్యూటరు కోసం ఆగొద్దు. మీ పట్నంలో, మీ పేటలో పనిచేసేవాళ్ల దగ్గర కూర్చుని ఒక నోటుపుస్తకం తెరవండి. పనికి వాళ్లు పెట్టుకున్న పేరేంటి, ఎవరు పిలిచారు, ఎవరు కూలిచ్చారు, చేతికేమిచ్చారు, ఎవరు చనిపోయారు, కాగితంలో ఏమని రాశారు. ఒక్కోదానికి ఒక్కో పేజీ. రాసింది వాళ్లకే చదివి వినిపించండి, తప్పుంటే వాళ్ల ముందే దిద్దండి. మన భాగం అక్కడ మొదలవుతుంది. రేపు ఎవరైనా వచ్చి మీ లెక్కలు మేమే రాస్తామంటే, ముందు ఈ పుస్తకం చూడమని వాళ్ల ముందు పెట్టండి.