దూరం సరే, వెలి వద్దు

గోదావరి జిల్లాల సర్పంచులకు, వార్డు సభ్యులకు, ఊరి పెద్దలకు, ఆడపడుచులకు విజ్ఞప్తి.

2020లో కరోనా పాజిటివ్ వచ్చిన ఇంటితో మనం ఎలా మసలుకున్నామో ఇంకా ఎవరూ మర్చిపోలేదు. వీధి మొగలో సరుగుడు కర్రలు అడ్డం కట్టాం. పాలు పోసేవాళ్లు మానేశారు, పనిమనిషి మానేసింది. జబ్బు తగ్గాక కూడా ఆ ఇంటివాళ్లు ఎదురొస్తే పక్కసందులోకి తప్పుకున్నాం. అలాంటి వీధుల్లోనే ఒకరిద్దరు ఉండేవారు. ప్రహరీ గోడ మీద క్యారేజీ పెట్టి, నాలుగడుగులు వెనక్కి జరిగి, "పిన్నిగారూ, చారు వేడిగా ఉందండీ, గిన్నెలు కడక్కండి, అక్కడే ఉంచేయండి" అని కేకేసి, ఆవిడ తలుపు తీసి చెయ్యి ఊపేదాకా కదిలేవారు కాదు. దూరం వాళ్లూ పాటించారు. జబ్బు అడిగిన దూరం అంతే. మిగతాది మనం కలిపింది.

సర్కారు చెప్పింది కాబట్టి చేశాం అనేవాళ్లు కేంద్ర ఆరోగ్య శాఖ 2020 మార్చిలో కరోనా మృతదేహాల గురించి ఇచ్చిన మార్గదర్శకాలు ఒకసారి చదవాలి. సిబ్బంది సంచి జిప్పు తీసి అయినవాళ్లకు కడసారి ముఖం చూపించవచ్చు. శరీరాన్ని తాకకుండా మంత్రం చదవవచ్చు, ప్రార్థన చేయవచ్చు, తీర్థం చల్లవచ్చు. బూడిదతో ప్రమాదం లేదు, అస్థికలు తీసుకోవచ్చు. స్నానం చేయించడం, కౌగిలించుకోవడం, గుంపు చేరడం వద్దంది. లాక్‌డౌన్‌లో కూడా అంత్యక్రియలకు 20 మంది దాకా వెళ్లవచ్చన్నారు. రాష్ట్రంలో అత్యధిక కేసులు నమోదైన అప్పటి ఉమ్మడి తూర్పు గోదావరిలో ఎంతమంది బిడ్డలకు ఆ ముఖం చూపించారు? దహన ఖర్చులకు రాష్ట్ర ప్రభుత్వం 15 వేల రూపాయలు ప్రకటించింది. పాడె పట్టే మనిషిని ఇవ్వాల్సింది ఊరు.

దూరంగా ఉంటూ దగ్గరగా మసలడం మనకు కొత్తా? రాజోలు, నరసాపురం వైపు నుంచి కువైట్, మస్కట్ వెళ్లిన తల్లులు ఏళ్ల తరబడి ఫోన్లోనే బిడ్డల్ని పెంచుతున్నారు. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటి లంకలు మునిగితే పడవల మీద పాలు, మంచినీళ్లు, బియ్యం వెళ్లాయి. ఊరు ఎందుకు మునిగిందని ఎవరూ నిలదీయలేదు. జ్వరం వచ్చిన ఇంటికి మాత్రం తప్పు అంటగట్టాం.

రేపు వచ్చేది ఇంతకంటే ప్రమాదకరమైన జబ్బయితే అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఎబోలా అలాంటిదే, శవం నుంచి కూడా అంటుకుంటుంది. అయినా పశ్చిమాఫ్రికాలో కుటుంబాన్ని, మతపెద్దల్ని పక్కకు నెట్టి ఖననాలు చేస్తే జనం శవాల్ని దాచడం మొదలుపెట్టారు. అందుకే 2014లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పద్ధతి మార్చింది. బంధువుల్ని సంప్రదించాలి, ప్రార్థనకు చోటివ్వాలి, అయినవాళ్లు సురక్షితమైన దూరం నుంచి చూడాలి అని రాసింది. మర్యాద ఇస్తేనే జనం జాగ్రత్త మాట విన్నారు.

మన అంటువ్యాధుల చట్టం 1897 నాటిది. అందులో తనిఖీ ఉంది, విడిగా ఉంచడం ఉంది. పలకరింపు లేదు. ఆ లోటు ఊరే పూడ్చుకోవాలి, అదీ జబ్బు లేని ఈ రోజుల్లోనే. భయం పట్టుకున్నాక ఏ సభలోనూ మంచి తీర్మానం నెగ్గదు.

కాబట్టి మేం అడిగేది ఇది. విడిగా ఉంచిన ప్రతి ఇంటికీ ఊరి తరఫున ఒక మనిషిని పేరుతో సహా ముందే నియమించాలి. పొద్దునా సాయంత్రం గేటు దగ్గర నిలబడి పలకరించడం, మందులు, కూరగాయలు, గొడ్లకు గడ్డి చూసుకోవడం ఆ మనిషి పని. మాస్కు పెట్టుకుని ఆరుబయట మాట్లాడితే ముప్పు తక్కువ. ఫోను వాడటం రాని ముసలివాళ్లకు సచివాలయం ఫోను కలిపి ఇవ్వాలి. ఊరి శ్మశానంలో ఏ జబ్బుతో పోయినవాళ్ల శవానికీ చోటు లేదనకూడదు. కాకినాడ జీజీహెచ్ అయినా రాజమండ్రి ఆసుపత్రి అయినా, చివరి ఘడియల్లో ఉన్న రోగిని ఇంటివాళ్లలో ఒకరు పీపీఈ కిట్ వేసుకుని చూసే వీలు కల్పించాలని కలెక్టర్లకు తీర్మానం పంపాలి.

2024 ఆగస్టు 23న రాష్ట్రంలో 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు జరిగాయి. తలుచుకుంటే జరుగుతాయి. వచ్చే గ్రామసభకు ఈ కాగితం పట్టుకెళ్లండి, పైకి చదివించండి, ఓటుకు పెట్టమనండి. కుదరదంటే ఎందుకు కుదరదో మినిట్స్ పుస్తకంలో రాయించండి.