సుబ్బారావు అంటే ఎవరు, తాతయ్యా?



పోయిన నెల మా మనవరాలు బడి నుంచి వస్తూనే సంచీ కింద పడేసి, "తాతయ్యా, సుబ్బారావు అంటే ఎవరు?" అని అడిగింది. దానికి తొమ్మిదేళ్ళు. బడి రిజిస్టరులో దాని పేరు పక్కన సుబ్బారావు అని ఉంటుంది. హాజరు పిలిచేటప్పుడు కొత్త టీచరు ఆ పేరు దగ్గర ఆగి, రెండుసార్లు తడబడి, చివరికి నవ్వేసిందట. పిల్లలూ నవ్వారట.

"మా నాన్నగారమ్మా. నీకు ముత్తాత," అన్నాను.

"మరి ఆయన పేరు నాకెందుకు పెట్టారు? నేను ఆడపిల్లని కదా!"

నేను జవాబు వెతుక్కుంటుంటే వంటింట్లోంచి మా అబ్బాయి అందుకున్నాడు. ఆ పేరు ఇక మార్పిద్దామనుకుంటున్నాడట. ఇక్కడ ఇంగ్లండులో డీడ్ పోల్ అని ఒక కాగితం ఉంది, దాంతో పేరు మార్చుకోవడం పెద్ద పనేమీ కాదు. "సుబ్బా తీసేసి ఒట్టి రావ్ ఉంచుకుంటే అందరికీ సులువు నాన్నా," అన్నాడు.

ఆ పూట నేనేమీ అనలేదు. ఇప్పుడు రాస్తున్నాను. వాడు తప్పు చేస్తున్నాడని కాదు. పేరు వాడిది, దాన్ని రోజూ మోసేదీ వాడే. కాని ఒక పేరు తీసేసే ముందు అందులో ఏముందో ఒకసారి చూడాలి. ఇంగ్లీషు అక్షరాల్లో చూస్తే అది కనపడదు, తెలుగు అక్షరాల్లోనే కనపడుతుంది. ఇది నా అభిప్రాయం.

ముందు ఈ పేరు మాకెలా వచ్చిందో చెప్తాను. మా నాన్నగారు రైల్వే ఉద్యోగి. నేను పుట్టి పెరిగింది ఖరగ్‌పూర్‌లో. అక్కడ రైల్వే కాలనీల్లో తెలుగువాళ్ళు చాలామంది. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, బెంగాలీ, బడిలో ఇంగ్లీషు. తెలుగు అక్షరాలు నాకెవరూ నేర్పలేదు. బడిలో చేర్పించిన రోజు దరఖాస్తులో పేరుకి రెండు గళ్ళు ఉన్నాయట. రెండో దాంట్లో ఏం రాయాలో తెలియక గుమాస్తా మా నాన్నగారి పేరు రాసేశాడు. మా ఇంటిపేరు ఆ కాగితం మీదికి ఎక్కనే లేదు. ఆ రాత సర్టిఫికెట్లోకి, సర్టిఫికెట్ నుంచి పాస్‌పోర్టులోకి, పాస్‌పోర్టుతో పాటు ఇంగ్లండుకి వచ్చింది. మా నాన్నగారు జన్మలో విమానం ఎక్కలేదు, ఆయన పేరు మాత్రం ఎక్కింది.

ఇక పేరు సంగతి. సుబ్బ అంటే సుబ్రహ్మణ్యుడు. నాగుల చవితికి పుట్టలో పాలు పోసేది, సుబ్రహ్మణ్య షష్ఠి చేసేది ఆ స్వామికే. పిల్లలు లేనివాళ్ళు ఆయనకు మొక్కుకుని, బిడ్డ పుడితే ఆ పేరు పెట్టుకుంటారు. అందుకే మనలో ఇంతమంది సుబ్బారావులు, సుబ్బయ్యలు, సుబ్బారెడ్లు, సుబ్బరాజులు, సుబ్బమ్మలు, సుబ్బలక్ష్ములు. ఎవరో ఒక అమ్మ ఎదురుచూసి కన్న బిడ్డ అని ఆ పేరే చెప్తుంది. మనవరాలి రెండో ప్రశ్నకు జవాబు కూడా ఇదే. ఆడపిల్లలకూ ఈ పేరుంది. 1966లో ఐక్యరాజ్యసమితిలో పాడిన ఎం.ఎస్. సుబ్బులక్ష్మి పేరు మొదట ఉన్నది కూడా ఈ సుబ్బే, తమిళ నోట కాస్త మారింది.

ఎక్కువమందికి ఉన్న పేరు కాబట్టి చులకన కూడా అయింది. "ఎంకి పెళ్ళి సుబ్బి చావుకొచ్చింది" అనే సామెత మీరు వినే ఉంటారు. ఊళ్ళో ఎవరికైనా ఉండే పేర్లనే సామెత ఏరుకుంటుంది. జోకుల్లో ఆఫీసు గుమాస్తా సుబ్బారావే, పెళ్ళానికి భయపడే మొగుడూ సుబ్బారావే. మా అబ్బాయి ఇండియా వెళ్ళినప్పుడు విన్న సుబ్బారావు ఈ జోకుల సుబ్బారావు. వాడికి ఇంకో సుబ్బారావును నేనెప్పుడూ చూపించలేదు. తప్పు నాదే, ఎందుకంటే నాకూ చాలాకాలం తెలియదు.

నాకు తెలిసింది యాభై ఎనిమిదో ఏట, తెలుగు చదవడం నేర్చుకున్నాక. గుళ్ళో ఎవరో ఇచ్చిన పాత తెలుగు పుస్తకాలు బీరువాలో సర్దుతూ, కూడబలుక్కుంటూ అట్టల మీది పేర్లు చదివాను. నండూరి సుబ్బారావు. రాయప్రోలు సుబ్బారావు. యల్లాప్రగడ సుబ్బారావు. ముగ్గురూ ఒకే కుటుంబం వాళ్ళేమో అనుకున్నాను! కాదు. ముందున్నది ఇంటిపేరు, వెనకున్నది అమ్మానాన్నలు పెట్టిన పేరు. ఇంగ్లీషు బడిలో చదివిన నాకు అది తలకిందులుగా కనిపించింది.

నండూరి వారు ఏలూరులో వకీలు. ఎంకి అనే పల్లెపడుచు మీద, ఆమె నాయుడుబావ మీద పల్లె మాటల్లోనే "ఎంకి పాటలు" రాశారు. రాయప్రోలు వారు తెలుగులో భావకవిత్వానికి దారి వేసిన కవి, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో తెలుగు చెప్పారు.

యల్లాప్రగడ వారి కథ నన్ను రెండు రోజులు నిద్రపోనివ్వలేదు. ఆయన 1895లో భీమవరంలో పుట్టారు. చదువుకోడానికి అమెరికా వెళ్ళి హార్వర్డులో ఫిస్కేతో కలిసి, రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంతుందో కొలిచే పద్ధతి కనిపెట్టారు. 1925 నాటి ఆ పద్ధతికి ఇద్దరి పేర్లూ ఉన్నాయి. తరవాత లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నడిపిన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. కడుపుతో ఉన్నవాళ్ళకు ఈనాడు ఇచ్చే మాత్ర అదే. కాన్సరుకు, కీళ్ళవాతానికి వాడే మెథోట్రెక్సేట్, బోదకాలుకు వాడే హెట్రజాన్ కూడా ఆ బృందం పనే. 1948లో న్యూయార్కులో పోయారు, యాభై మూడేళ్ళకే. ఒక బూజుజాతికి శాస్త్రజ్ఞులు "సుబ్బరోమైసెస్" అని ఆయన పేరు పెట్టారు. జోకుల్లో గుమాస్తా పేరు శాస్త్రగ్రంథాల్లో లాటిన్ తోక తగిలించుకుని కూర్చుంది.

అప్పటినుంచి సుబ్బారావులను వెతకడం నాకు అలవాటైంది. కోకా సుబ్బారావు భారత ప్రధాన న్యాయమూర్తి. 1967 ఫిబ్రవరిలో గోలక్‌నాథ్ కేసులో, ప్రాథమిక హక్కులను తగ్గించే అధికారం పార్లమెంటుకు లేదని తీర్పు చెప్పిన ధర్మాసనానికి పెద్ద ఆయనే. పదకొండుమందిలో ఆరుగురు ఒకవైపు, అయిదుగురు ఇంకోవైపు. ఆ ఏడాదే పదవి వదిలి రాష్ట్రపతి ఎన్నికలో నిలబడి జాకిర్ హుస్సేన్ చేతిలో ఓడిపోయారు. దువ్వూరి సుబ్బారావు 2008 సెప్టెంబరు 5న రిజర్వు బ్యాంకు గవర్నరయ్యారు. పది రోజుల్లో అమెరికాలో లేమన్ బ్రదర్స్ కుప్పకూలింది. మీలో కొందరి అమ్మానాన్నలకు ఆ సెప్టెంబరు బాగా గుర్తుంటుంది.

అందరికంటే పాతవాడు వెన్నెలకంటి సుబ్బారావు (1784–1839). కంపెనీ కాలంలో మద్రాసు కోర్టులో అనువాదకుడు. తన జీవితకథ తనే ఇంగ్లీషులో రాసుకున్నాడు, అది 1873లో అచ్చయింది. మనలాగా ఇంగ్లీషులోనే రాసుకునే తెలుగువాడు అప్పటికే ఒకడున్నాడన్నమాట.

ఇక మా పక్కవాడు. నేనుండేది నార్తాంప్టన్ దగ్గర. మా కౌంటీ క్రికెట్ జట్టుకు ఒకప్పుడు కెప్టెన్ రామన్ సుబ్బారావు. 1958లో సర్రే మీద 300 పరుగులు చేశారు. ఇంగ్లండు తరఫున 13 టెస్టులు ఆడి, 1961లో ఆస్ట్రేలియా మీద రెండు సెంచరీలు కొట్టారు. 2024లో, 92 ఏళ్ళకు పోయారు. ఆయన తల్లి ఇంగ్లీషావిడ, తండ్రి బాపట్ల నుంచి వచ్చిన లాయరు. తండ్రి ఇంటిపేరు పంగులూరి. కొడుక్కి మాత్రం ఇంటిపేరు రాలేదు, తండ్రి పేరే ఇంటిపేరై కూర్చుంది. అచ్చం మాకు జరిగినట్టే! నేను ఈ ఊళ్ళో ఇన్నేళ్ళుండి ఆయన మనవాడని తెలుసుకోలేదు.

ఎందుకు తెలుసుకోలేదో చెప్తాను. ఆయన ఇంగ్లీషులో రెండు ముక్కలుగా, చివర ఓ-డబ్ల్యూ పెట్టి రాస్తారు. యల్లాప్రగడ వారిదీ ఓ-డబ్ల్యూనే, కాని ఒకటే ముక్క. కోకా వారిది రెండు ముక్కలు, చివర ఏ-ఓ. దువ్వూరి వారిది ఏ-ఓ, ఒకటే ముక్క. వెన్నెలకంటి వారి పుస్తకం మీద "సూబ్ రో" అని చదివేలాగా ఉంటుంది. అయిదుగురు మనుషులు, అయిదు స్పెల్లింగులు. ఇంగ్లీషు లైబ్రరీలో వీళ్ళు ఒకరి పక్కన ఒకరు కూర్చోరు. తెలుగులో అయిదుగురూ సుబ్బారావులే, ఒక్క అక్షరం తేడా లేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. పేరు ఒకటైనంత మాత్రాన వాళ్ళ గొప్పతనంలో మనకు వాటా రాదు. మెథోట్రెక్సేట్‌లో మా నాన్నగారి చెయ్యి లేదు. ఆయన రైలు బండ్లు చూసుకున్నారు, మమ్మల్ని చూసుకున్నారు. "పేరు గొప్ప ఊరు దిబ్బ" అన్నారు పెద్దలు. నేను చెప్పేది గర్వం గురించి కాదు. ఒక పేరుకి ఇదే అర్థం అని ఎవరూ ముద్ర వేయలేరని చెప్తున్నాను. కవి, వైద్య పరిశోధకుడు, న్యాయమూర్తి, బ్యాంకు గవర్నరు, క్రికెటర్, రైల్వే ఉద్యోగి అందరూ అందులో పట్టారు. జోకుల్లో గుమాస్తా కూడా పట్టాడు, ఉండనీండి.

ఇదంతా తలకెక్కి నేను గుళ్ళో ఒక ప్రయత్నం చేశాను. శనివారాలు నేను అర్చన చీటీల బల్ల దగ్గర కూర్చుంటాను. భక్తులు చీటీ మీద ఇంగ్లీషులో పేరు, గోత్రం, నక్షత్రం రాసిస్తారు. పంతులుగారు చదువుతారు. ఓ-డబ్ల్యూ కనిపిస్తే "సుబ్బరో" అంటారు. స్వామికి ఎవరో తెలుసు లెండి, కాని ఆ పేరు గల మనిషికి మాత్రం చివుక్కుమంటుంది. చీటీలో ఇంకో రెండు గీతలు పెడదామన్నాను. ఒకటి ఇంటిపేరుకి, ఒకటి పేరు తెలుగులో రాయడానికి.

కమిటీలో ఒకావిడ మెల్లిగా అన్నారు: "సుబ్బారావుగారూ, ఇంటిపేరు అడిగితే కులం అడిగినట్టేనండీ." (ఇక్కడ అందరూ నన్ను మా నాన్నగారి పేరుతోనే పిలుస్తారు.) నాకు మొదట కోపం వచ్చింది. నా ఉద్దేశం అది కాదు కదా! ఇంటికెళ్ళి ఆలోచిస్తే ఆవిడ మాటే నిజమనిపించింది. మనలో ఇంటిపేరు వినగానే మనసులో లెక్క వేసుకునేవాళ్ళు ఇంకా ఉన్నారు. పుస్తకం అట్ట మీద ఇంటిపేరు ఏ సుబ్బారావో తెలియడానికి. గుడి బల్ల దగ్గర అదే అడిగితే ఆరా తీసినట్టవుతుంది. సుబ్బారావు అనే పేరు ఏ ఒక్క కులానిదీ కాదు, దాన్ని అలాగే ఉండనివ్వాలి. ఇంటిపేరు గీత కొట్టేశాం. తెలుగు గీత ఉంచాం, అదీ ఇష్టమైతేనే.

కాబట్టి మీకు నేను చెప్పేది చిన్న పని. పేరు మార్చుకోండి, మార్చుకోకపోండి. ముందు దాన్ని తెలుగులో రాయడం నేర్చుకోండి. మీ పేరే మీ మొదటి పాఠం. సుబ్బారావు అనే నాలుగు అక్షరాల్లో కొమ్ము ఉంది, ఒత్తు ఉంది, దీర్ఘం ఉంది. సగం గుణింతం అందులోనే వచ్చేస్తుంది. రాశాక అదే పేరు ఇంకా ఎవరికి ఉందో వెతకండి. మీ పేరు సత్యవతి కావచ్చు, నరసింహం కావచ్చు, ఎవరో ఒకరు ఏదో ఒక పని చేసి ఉంటారు.

మా మనవరాలు ఆదివారం రాసింది. మొదటిసారి "సుబ్బారామ" అని వచ్చింది. "వు" కొమ్ము సరిగ్గా పెట్టకపోతే "మ" లాగా అయిపోతుంది, మీరూ చూసుకోండి. నాలుగోసారికి కుదిరింది. ఆ కాగితం ఫ్రిజ్ తలుపు మీద అంటించింది. దాని పక్కనే డీడ్ పోల్ కాగితం కూడా ఉంది, సంతకం లేకుండా. మా అబ్బాయి పాలు తీసుకోవడానికి వచ్చినప్పుడల్లా రెండూ చూస్తున్నాడు. నేనేమీ అడగటం లేదు.

నా తెలుగులో తప్పులుంటే మన్నించండి, చెప్తే దిద్దుకుంటాను.